సతీష్ ధవన్: ప్రెస్ మీట్‌కి అవతల

ఈ కథ మీరు వినే ఉంటారు. కనీసం ఒక వాట్సాప్ గ్రూపులోనైనా మీ కంటపడే ఉంటుంది. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి ఎస్సెల్వీ-3 తొలి ప్రయోగం. ప్రాజెక్ట్ డైరెక్టర్ అబ్దుల్ కలాం. రాకెట్ వెళ్ళి బంగాళాఖాతంలో పడింది. బయట పత్రికలవాళ్ళు కాచుకుని ఉన్నారు. అప్పుడు ఇస్రో ఛైర్మన్ సతీష్ ధవన్ కలాంని పక్కన కూర్చోబెట్టుకుని, ఆ ప్రశ్నలన్నిటికీ తనే జవాబు చెప్పారు. ఈ ఓటమి నాది, మా వాళ్ళ మీద నాకు నమ్మకం ఉంది, ఏడాదిలో చేసి చూపిస్తాం అన్నారు. 1980 జూలై 18న రోహిణి కక్ష్యలోకి చేరాక మాత్రం, ఈసారి నువ్వే వెళ్ళి మాట్లాడు అని కలాంని పంపించారు. ఓటమి వస్తే నాయకుడు తన మీద వేసుకుంటాడు, గెలుపు వస్తే జట్టుకి ఇచ్చేస్తాడు అని నీతి. కలాం ఎన్నో సభల్లో ఈ సంగతి చెప్పారు.

నేను దీన్ని మొదటిసారి ఆఫీసులో విన్నాను. నాయకత్వం మీద ఏదో శిక్షణ, పెద్ద తెర మీద ధవన్ ఫోటో. మేమంతా చప్పట్లు కొట్టాం. మూడు నెలల తర్వాత మా రిలీజ్ ఒకటి ఘోరంగా దెబ్బతింది. రెండు రాత్రులు కూర్చుని సరిచేశాం. మూడో రోజు క్లయింట్‌తో కాల్‌లో, ఆ స్లైడ్లు మాకు చూపించినాయనే, చేరి ఆరు నెలలైనా కాని ఓ కుర్రాడి పేరు చెప్పి ఊరుకున్నాడు. ఆయన చెడ్డవాడేం కాదు. ఆ కథంటే నిజంగానే ఇష్టం ఆయనకి. కానీ అది ఆయనకి పనికిరాలేదు. ఎందుకు పనికిరాలేదా అని ఆలోచిస్తూ ధవన్ గురించి చదవడం మొదలుపెట్టాను. చదువుతూ చదువుతూ తిరిగి మా ఊరికే వచ్చాను.

*

మాది కోనసీమలో అల్లవరం. అక్కణ్ణించి ఓడలరేవు వెళ్తే వైనతేయ సముద్రంలో కలిసే చోటు కనిపిస్తుంది. 1996 నవంబరు 6న నాకు ఎనిమిదేళ్ళు. దీపావళి ఇంకా నాలుగు రోజులుంది. ఆ ముందు రోజు టీవీ వార్తల్లో ఒక బొమ్మ చూపించారు: గీతలతో గీసిన దేశపటం, పక్కన సముద్రం మీద తెల్లటి సుడి. నాకదేంటో అర్థం కాలేదు. తాతయ్యకి అర్థమైంది. "ఇది మన మీదకే వత్తందర్రా" అంటూ లేచి, పశువుల పలుపులు విప్పేయమన్నాడు. మర్నాడు చీకటి పడకముందే అందరం పక్కింటివాళ్ళ డాబాలోకి చేరాం.

తుఫాను కాకినాడకి దక్షిణాన, అంటే మా కోనసీమ మీదుగానే, తీరం దాటింది. తెల్లారి చూస్తే మా అరుగు మీంచి ఎప్పుడూ కనపడని గుడి గోపురం కనిపించింది. మధ్యలో ఉండాల్సిన కొబ్బరి తోట లేదు. చెట్లన్నీ ఒకే వైపుకి పడుకుని ఉన్నాయి. ఆ ఏడు మాకు దీపావళి లేదు.

మా ఇంట్లో ఎవరికీ ఏం కాలేదు. జిల్లాలో వెయ్యి మందికి పైగా చనిపోయారు. అంతకంటే ఎక్కువమంది గల్లంతయ్యారు. వాళ్ళలో చాలామంది వేటకెళ్ళిన మత్స్యకారులు. భైరవపాలెం, బలుసుతిప్ప లాంటి ఊళ్ళ పేర్లు అప్పుడే నా చెవిన పడ్డాయి. మా తాతయ్య దాకా వచ్చిన మాట పడవ మీదున్నవాళ్ళ దాకా వెళ్ళలేదు. ఇది పెద్దయ్యాక తట్టిన సంగతి. అప్పుడు తెలిసిందల్లా ఆ తెల్లటి సుడి ఒక్కటే. ఇస్రో అంటే నాకు చాలా ఏళ్ళు రాకెట్ గుర్తుకొచ్చేది కాదు, ఆ మబ్బు బొమ్మే గుర్తుకొచ్చేది.

ఆ బొమ్మ ఇన్సాట్ ఉపగ్రహాలు తీసింది. 1996 నాటికి ఇన్సాట్-2 తరం నడుస్తోంది. కానీ ఆ వరస మొదలైంది ధవన్ హయాంలో.

*

సతీష్ ధవన్ 1920 సెప్టెంబరు 25న శ్రీనగర్‌లో పుట్టారు. లాహోర్‌లో పంజాబ్ యూనివర్సిటీలో గణితం, భౌతికశాస్త్రాలతో బీఏ, తర్వాత ఇంగ్లీషు సాహిత్యంలో ఎంఏ, ఆ తర్వాత మెకానికల్ ఇంజనీరింగ్. ఇంజనీరింగ్ చదివి సాహిత్యంలోకి దొంగదారిన వచ్చిన నాబోటివాళ్ళకి ఈ వరస చూస్తే కాస్త ఈర్ష్యగా ఉంటుంది. ఆపైన అమెరికా. మిన్నెసోటాలో మాస్టర్స్, కాల్‌టెక్‌లో హాన్స్ లీప్‌మన్ దగ్గర 1951లో పీహెచ్‌డీ. అదే ఏడు బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో చేరారు. ధ్వనికన్నా వేగంగా పోయే గాలిని పరీక్షించే విండ్ టన్నెల్‌ని దేశంలో మొదటిసారి అక్కడే కట్టారు. 1962లో, నలభై రెండేళ్ళకే, ఆ సంస్థకి డైరెక్టర్ అయ్యారు.

1971 డిసెంబరు 30న విక్రమ్ సారాభాయ్ కోవలంలో హఠాత్తుగా చనిపోయినప్పుడు ధవన్ కాల్‌టెక్‌లో ఉన్నారు, ఏడాది సెలవు మీద. ఇందిరా గాంధీ ఆయన్ని అంతరిక్ష కార్యక్రమం చేపట్టమని అడిగారు. ఆయన రెండు షరతులు పెట్టారు. ఇన్‌స్టిట్యూట్ డైరెక్టర్ పదవి వదలను. కార్యక్రమానికి కేంద్ర కార్యాలయం బెంగుళూరులో ఉండాలి. ఆవిడ రెంటికీ ఒప్పుకున్నారు. ఆయన వచ్చేదాకా ఎం.జి.కె. మీనన్ కొన్ని నెలలు బాధ్యత చూశారు. ఆ మధ్యలోనే, 1972 జూన్‌లో, స్పేస్ కమిషన్, అంతరిక్ష శాఖ ఏర్పడ్డాయి. ధవన్ సెప్టెంబరులో పగ్గాలు అందుకున్నారు.

మొదటిసారి చదివినప్పుడు ఈ షరతులు నాకు కొంచెం అహంకారంగా తోచాయి. ఇప్పుడలా అనిపించడం లేదు. ఢిల్లీలో కూర్చుంటే శాఖాధిపతి అవుతారు. బెంగుళూరులో, అదీ ఒక విద్యాసంస్థలో కాలు పెట్టుకుని ఉంటే, రోజూ కుర్రవాళ్ళు అడిగే ప్రశ్నల మధ్య ఉంటారు. 1981 దాకా రెండు పదవులూ మోశారు. ఇస్రో సమస్యలు ఇన్‌స్టిట్యూట్ ప్రొఫెసర్ల బల్లల మీదకి వచ్చేవి. ప్రభుత్వ సంస్థకి ఇది మామూలుగా జరిగేది కాదు. మా తప్పులు మా గోడల మధ్యే ఉండాలనుకోవడం ఏ ఆఫీసుకైనా సహజమే కదా.

సారాభాయ్ ఒక కల ఇచ్చి వెళ్ళిపోయారని అంటూంటారు. చెల్లాచెదురుగా కొన్ని బృందాలని కూడా ఇచ్చి వెళ్ళారు. తుంబలో ఒకరు, అహమ్మదాబాద్‌లో ఒకరు, శ్రీహరికోటలో ఇంకొకరు. ధవన్ వాటిని కేంద్రాలుగా కూర్చి, ప్రాజెక్టులని విడిగా నిలబెట్టి, ప్రతి ప్రాజెక్టుకీ ఒక జవాబుదారుని పెట్టారు. ఎస్సెల్వీ-3కి కలాంని అలా పెట్టినదే. ఇరవై రెండు మీటర్ల పొడవు, పదిహేడు టన్నుల బరువు, నాలుగు దశలు. చివర్లో కక్ష్యలో పెట్టేది నలభై కిలోలు.

*

ఇప్పుడు 1979కి వద్దాం. ప్రెస్ మీట్ కథ మనందరికీ తెలుసు. కలాం ఆత్మకథ, తెలుగులో 'ఒక విజేత ఆత్మకథ', ఇంకో దృశ్యం చెప్తుంది. దాన్ని ఎవరూ స్లైడ్ల మీద పెట్టరు.

ప్రయోగం పోయిన తర్వాత జరిగిన సమీక్షల సంగతి అది. ఏం జరిగిందో తేల్చారు. రెండో దశలో రాకెట్ దిశని అదుపు చేసే వ్యవస్థకి నైట్రిక్ ఆమ్లం కావాలి. అది ముందే కారిపోయింది. రెండో దశ మండిందిగాని రాకెట్ అదుపులో లేదు. 317 సెకన్లలో కథ ముగిసింది. శ్రీహరికోటకి 560 కిలోమీటర్ల దూరాన శకలాలు సముద్రంలో పడ్డాయి.

అసలు బాధ అది కాదు. ఆ లీకు కౌంట్‌డౌన్‌లోనే కనపడింది. కంప్యూటర్ ఆపమంది. చుట్టూ ఉన్న నిపుణులు పరవాలేదన్నారు. కలాం కంప్యూటర్‌ని పక్కన పెట్టి ప్రయోగం కానిచ్చారు. సమీక్షలో సాంకేతిక కారణాలన్నీ చెప్పుకోవడం అయ్యాక కలాం లేచి, ఆ లీకుని చిన్నదిగా తీసుకున్నది నేనే, ఆపాల్సింది నేనే అన్నారు. ధవన్ ఆయన్ని తీసెయ్యలేదు, ప్రాజెక్టు ఆయన చేతిలోనే ఉంచారు. పదకొండు నెలల తర్వాత రెండో రాకెట్ ఎగిరింది.

ఈ రెండు దృశ్యాలూ కలిపి చదివితే నాకు అర్థమైంది ఇది. ప్రెస్ ముందు "తప్పు నాది" అనడం బయటివాళ్ళ కోసం. లోపల తప్పు ఎక్కడుందో పేరుతో సహా తేల్చారు. బయట కాపు కాశారు కాబట్టే లోపల ఒక మనిషి లేచి నిలబడి నిజం చెప్పగలిగాడు. లోపల నిజం బయటపడింది కాబట్టే "ఏడాదిలో చేస్తాం" అన్న మాటకి విలువ వచ్చింది. ఈ రెంటిలో ఒకటి తీసేస్తే రెండోది నాటకం. మా మేనేజర్ దగ్గర లేనిది మంచితనం కాదు, ఆ రెండో గది. మా దగ్గర రిలీజ్ ముందు ఒక హెచ్చరిక వచ్చిందని, దాన్ని ఎవరు పరవాలేదన్నారని, ఎవరూ అడగలేదు. ఎవరైనా అడిగుంటే ఆ కుర్రాడి పేరు వచ్చేది కాదు.

ఇంకో మాట. కథ 1980లో ఆగిపోతుంది కాబట్టి నీతి చక్కగా కుదురుతుంది. ధవన్ ఉద్యోగం అక్కడ ఆగలేదు. 1981 మే 31న ఎస్సెల్వీ-3 మూడో ప్రయోగం ఉపగ్రహాన్ని అనుకున్నంత ఎత్తుకి చేర్చలేకపోయింది. అది కొద్ది రోజులకే కిందికి వచ్చేసింది. ఆ మరుసటేడు అంతకంటే పెద్ద దెబ్బ తగిలింది, ఇన్సాట్ రూపంలో.

*

ఇన్సాట్-1 మన దేశంలో తయారైంది కాదు. అమెరికాలో ఫోర్డ్ ఏరోస్పేస్ చేత కట్టించి, విదేశీ రాకెట్ల మీదే పంపించినది. సొంతంగా చేసుకోవాలని రాత్రీపగలూ కష్టపడే ఇంజనీర్లున్న సంస్థకి పెద్ద, కొనుక్కున్న వస్తువు మింగుడుపడేది కాదు. ధవన్ రెండూ నడిపించారు. నేర్చుకోవడానికి చిన్నవి మనమే కడదాం, జనానికి ఇప్పుడు కావాల్సింది కొందాం. ఆపిల్ ఉపగ్రహాన్ని ఎడ్లబండి మీద పెట్టిన ఫోటో మీరు చూసే ఉంటారు. అది నేర్చుకునే దారి. ఇన్సాట్ రెండో దారి.

ఒకే ఉపగ్రహంలో టెలిఫోను, టీవీ, వాతావరణం మూడూ ఉండాలన్నది ఇన్సాట్ ఆలోచన. అప్పటికి ఇలా మూడింటినీ ఒకే భూస్థిర ఉపగ్రహంలో పెట్టినవాళ్ళు లేరు. సాంకేతికంగా ఎంత కష్టమో, ఆఫీసుల పరంగా అంతకన్నా కష్టం. తంతి తపాలా శాఖ, వాతావరణ శాఖ, ఆకాశవాణి, దూరదర్శన్, అంతరిక్ష శాఖ. అందరూ ఒకే బల్ల చుట్టూ కూర్చోవాలి, ఒకే పెట్టెలో ఎవరికెంత చోటో తేల్చుకోవాలి. మూడు బృందాలతో ఒక ఏపీఐ ఖరారు చేయించడానికే నాకు చెమటలు పడతాయి.

1982 ఏప్రిల్ 10న ఇన్సాట్-1ఏ పైకి వెళ్ళింది. మొదట్నించీ చిక్కులే. సెప్టెంబరులో ఇంధనం అయిపోయి చేతికి రాకుండా పోయింది. ఇంత ఖర్చు పెట్టి కొన్నది ఐదు నెలలు కూడా నడవలేదు. అక్కడ ఆపేస్తే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. 1983 ఆగస్టు 30న ఛాలెంజర్ వ్యోమనౌక ఇన్సాట్-1బీని మోసుకెళ్ళింది. దానికీ సౌరఫలకం తెరుచుకోక కొన్నాళ్ళు అందర్నీ కంగారు పెట్టింది. చివరికి తెరుచుకుంది. ఏళ్ళపాటు పనిచేసింది. ఇంకో ఏడాదికి, 1984 సెప్టెంబరులో, ధవన్ పదవి దిగిపోయారు.

దీనికి ప్రెస్ మీట్ కథ లేదు. కానీ నా దృష్టిలో ఆయన ఉద్యోగంలో అసలు పరీక్ష ఇదే. సొంత రాకెట్ కూలితే కన్నీళ్ళైనా వస్తాయి. కొన్నది చెడిపోతే వెక్కిరింతే వస్తుంది.

*

ఇక్కణ్ణించి మళ్ళీ మా తీరానికి. 1977 నవంబరు 19న దివిసీమలో ఉప్పెన వచ్చినప్పుడు మన తీరాన్ని అరగంటకోసారి పైనుంచి చూసే కన్ను మనకి లేదు. పదివేల మందికి పైగా పోయారు. మా ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఇప్పటికీ తారీఖులని "ఉప్పెనకి ముందు, ఉప్పెన తర్వాత" అనే చెప్తారు.

ఇన్సాట్-1బీ ఆ కన్ను తెచ్చింది. దాంతోపాటు బయటి లోకంలో పెద్దగా చర్చకి రాని ఇంకో పని చేసింది. తీరప్రాంతపు ఆఫీసుల్లో చిన్న రిసీవర్లు పెట్టారు. మద్రాసులోని తుఫాను హెచ్చరిక కేంద్రం నుంచి ఉపగ్రహం ద్వారా మాట వస్తుంది. ప్రమాదం ఉన్న జిల్లాల్లోని పెట్టెలే మోగుతాయి. ముందు సైరన్, తర్వాత స్థానిక భాషలో హెచ్చరిక. టెలిఫోను స్తంభాలు పడిపోయినా ఈ దారి తెగదు. ఎనభైల మధ్యలో ఇది మొదట నాటుకున్నది తమిళ, ఆంధ్ర తీరాల్లోనే. 1990 మేలో మచిలీపట్నం దగ్గర తీరం దాటిన తుఫాను బలంలో 1977 దానికి తీసిపోదు. లక్షల మందిని ముందే తరలించారు. మృతులు వెయ్యి లోపు. వెయ్యి చిన్న అంకె కాదు. కానీ పదమూడేళ్ళ కిందటి లెక్క పక్కన పెట్టి చూడండి.

మరి 1996లో? కన్ను చూసింది. బొమ్మ టీవీకి వచ్చింది. మా తాతయ్య పలుపులు విప్పించాడు. అది చిన్న చుట్టుకొలతలో వచ్చిన బలమైన తుఫాను. సముద్రం మీదున్న పడవలకి టీవీ లేదు, మండలాఫీసు సైరన్ వినపడదు. మా వృత్తిలో ఒక మాటుంది: అలర్ట్ పంపించాం అనడం వేరు, అవతలివాడు అందింది అనడం వేరు. మొదటిది మన లాగ్‌లో ఉంటుంది. రెండోది లేకపోతే మొదటిది ఎంత పచ్చగా కనిపించినా లాభం లేదు. 2019లో హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ 'జెమినీ' అనే చిన్న పరికరం తెచ్చింది. సెల్‌ఫోను సిగ్నల్ అందని దూరంలో ఉన్న పడవకి కూడా ఉపగ్రహం ద్వారా తుఫాను హెచ్చరిక చేర్చడానికి. 1996 నుంచి లెక్కేస్తే ఇరవై మూడేళ్ళు. ఆ తర్వాత ఇస్రో నావిక్ ఉపగ్రహాలతో ఇంకా ముందుకి, పడవ నుంచి ఒడ్డుకి వచ్చే ఆపద సందేశానికి "అందింది" అని తిరిగి జవాబు ఇచ్చే పరికరం దాకా వచ్చింది.

ఇది ధవన్ మీద ఫిర్యాదు కాదు. 1996 నాటికి ఆయన దిగిపోయి పన్నెండేళ్ళు. కానీ ఆయన నేర్పిన లెక్క ప్రకారమే అడగాల్సిన ప్రశ్న. రెండో గదిలో అడగాల్సిన ప్రశ్న.

*

ఆ లెక్కలో ఇంకో ఖాతా కూడా ఉంది. 1969లో శ్రీహరికోటని ఎంచినప్పుడు అది ఖాళీ దీవి కాదు. దాదాపు 43,000 ఎకరాల అడవి, ఇసుక, సరుగుడు తోటలు, యానాదుల గుడిసెలు. రాకెట్ల కోసం ఆ అడవి గేటు వెనక్కి వెళ్ళింది. చాలామంది యానాదులు దీవి దాటాల్సి వచ్చింది. ధవన్ వాళ్ళ గురించి, ఆ అడవి గురించి పట్టించుకున్నారని ఆయనతో పనిచేసినవాళ్ళు చెప్తారు. నమ్ముతాను. పులికాట్ పక్షులని చూసి ఊరుకోక, పక్షులు ఎలా ఎగురుతాయో ఏరోడైనమిక్స్‌తో వివరిస్తూ పుస్తకమే రాసిన మనిషి ఆయన. కానీ ఒక అధికారి దయ ఆ అధికారి ఉన్నన్నాళ్ళే. ఎస్సెల్వీ సమీక్షలా, ఇన్సాట్ కమిటీలా, యానాదుల మాట వినే గది ఏదైనా కట్టి ఉంటే అది ఆయన తర్వాతా మిగిలేది. ఇక్కడ మాత్రం ఆయన మంచితనమే గుర్తుంది, ఏర్పాటు కనపడదు.

2002 జనవరి 3న బెంగుళూరులో ధవన్ చనిపోయారు. అదే ఏడు సెప్టెంబరులో శ్రీహరికోట కేంద్రానికి ఆయన పేరు పెట్టారు. సూళ్ళూరుపేట వాళ్ళు ఇప్పటికీ 'షార్' అనే అంటారు.

కిందటేడు మా ఊరు వెళ్ళినప్పుడు ఓడలరేవు దాకా నడిచాను. ఒక పడవ ఒడ్డుకొచ్చింది. వల దులుపుకుంటున్నాయన్ని అడిగాను, "బాబాయ్, తుఫాను కబురు మీకు లోపల ఉండగా తెలుస్తందా?" అని. "సిగ్నలున్నంత దాకా ఫోను. అవతలకెళ్తే మిషను ఉన్నోళ్ళకి తెలుస్తది. మాకు లేదండి ఇంకా" అన్నాడు. ఎవరు ఇవ్వాలి అంటే, "అడగాలండి ఎవర్నో" అని నవ్వి, మళ్ళీ వల దులుపుకోవడంలో పడ్డాడు.